సున్నా పట్టని చెయ్యి

తొమ్మిదో తరగతి బి సెక్షనులో ఆ రోజు పిల్లలందరి చేతిపట్టీలూ నోరు మూసుకున్నాయి, ఒక్క తన్మయిది తప్ప.

అది జుయ్యిమని ఒకటే మోత. కిటికీ అద్దం దగ్గర తుమ్మెద చిక్కుకున్నట్టు. తన్మయి కుడి అరచేతిని ఎడమ చేతి మీద అలాగే ఆనించి తల్లి వంక చూసింది. తల్లి అంటే టీచరు కూడా. వకుళ మేడం గారి కూతురు వకుళ మేడం గారి క్లాసులోనే పడింది కాబట్టి, బడిలో ఉన్నంతసేపూ "మేడమ్" అనే పిలవాలని ఇద్దరికీ ఒప్పందం.

"మేడమ్, ఇది ఆగట్లేదు."

"పాడైనట్టుంది. తీసేసి ఇంకోటి కట్టుకో."

ఇంకోటి కట్టుకుంది. అదీ మోగింది. మూడోది ఇచ్చారు. అదీ అంతే. వెనక బెంచీలోంచి దుర్గాప్రసాద్ లేచాడు. "మేడం గారండీ, తన్మయికి తనంటే తనకే బయమండీ, ఆయ్!" క్లాసు గొల్లుమంది. తన్మయి కూడా నవ్వింది. వకుళ మాత్రం విసుక్కుంది. ఇన్నాళ్ళ ఎదురుచూపు తర్వాత మొదలెట్టిన పాఠం తన సొంత కూతురి దగ్గరే చతికిలబడడం ఆమెకు నచ్చలేదు.

ఎదురుచూపు చిన్నదేం కాదు. సోషియాలజీలో ఎమ్మే చేసి, ఆ ముక్క అడిగేవాడు లేక, ఇన్నేళ్ళూ కడియం దగ్గరి ఈ హైస్కూల్లో మొగలు చక్రవర్తులనూ రుతుపవనాలనూ బోధించుకుంటూ కాలం గడిపింది. ఈ ఏడు ప్రభుత్వం తొమ్మిదో తరగతికి సమాజశాస్త్రం పెట్టింది. మొదటి పాఠం సామాజిక దూరం. పుస్తకంలో నిర్వచనం చక్కగానే ఉంది. పిల్లలు బట్టీపట్టి, పరీక్షలో కక్కి, బయటికెళ్ళి మర్చిపోతారు. అది ఆమెకు తెలుసు. అందుకే భర్తను పట్టుకుంది.

భర్త శశిధర్ రాజమండ్రిలో ఒక ప్రయోగశాలలో పనిచేస్తాడు. ఈ పట్టీ అక్కడ పుట్టిందే. అట్టపెట్టె మీద దాని పేరు చాలా పొడుగ్గా ఉంటుంది, పలికినవాళ్ళు లేరు. పిల్లలు మాత్రం ఒక్క పూటలో దానికి జంకుపట్టీ అని పేరు పెట్టేశారు. ఒక మనిషి ఇంకో మనిషిని తాకినప్పుడు మనసుకంటే ముందు ఒళ్ళు ఒక నిర్ణయానికి వస్తుంది. కండ రవ్వంత వెనక్కి లాగుతుంది, చర్మం రవ్వంత తడుస్తుంది. ఆ మనిషికే తెలియని ఆ రవ్వంతను పట్టీ పట్టుకుని మోగుతుంది, దాని మీద సన్నటి ఎర్రగీత వెలుగుతుంది.

"ముందు సున్నా పెట్టాలి," అని ఆమె పిల్లలకు చెప్పింది. "మన చేతిని మనమే ముట్టుకుంటే ఒళ్ళు జంకదు కదా. అది సున్నా. కొలత అక్కణ్ణుంచి మొదలు."

ఆ సున్నా దగ్గరే ఆగిపోయిన కూతురిని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, డిజిటల్ బోర్డు మీద బొమ్మ చూసుకునే పని అప్పగించింది. మిగతా పిల్లలను లేచి తిరగమంది. ఎదురుపడ్డ ప్రతివాళ్ళకూ చెయ్యి అందించి ముందుకు పోవాలి. ఒక్కొక్కరూ ఒక్కో చుక్కగా బోర్డు మీద కనబడుతున్నారు. జంకు లేనిచోట చుక్కలు దగ్గరికి జరుగుతాయి. ఉన్నచోట దూరం జరిగి, మధ్యలో ఎర్రగీత పడుతుంది.

మొదట్లో నవ్వులు, తోపులాటలు. ఆడపిల్లల గుంపు ఒక పక్క, మగపిల్లల గుంపు ఒక పక్క తేలితే ఈలలు వేశారు. తర్వాత నవ్వులు తగ్గాయి. మగపిల్లల గుంపు నెమ్మదిగా చీలుతోంది. ఎవరి వీధివాళ్ళు వాళ్ళ దగ్గరికి చేరుతున్నారు. ఒక చుక్క మాత్రం అందరికీ దూరంగా బోర్డు అంచుకు వెళ్ళిపోయింది. ఎర్రగీతలన్నీ దాని మీదికే. అది ప్రభుదాసుది.

అందులో ఒక గీత దుర్గాప్రసాద్‌ది.

ఆ ఇద్దరూ ఒకే సైకిలు మీద బడికొస్తారు. ఒకే సీసాలో నీళ్ళు తాగుతారు. ఒకడికి దెబ్బ తగిలితే రెండోవాడు కుంటుతాడని హెడ్మాస్టరు వీర్రాజు గారు హాస్యమాడుతుంటారు. దుర్గాప్రసాద్ బోర్డు వంక చూసి, తన చేతి వంక చూసుకుని, మళ్ళీ బోర్డు వంక చూశాడు.

"నేను జంకలేదండీ," అన్నాడు. "చెయ్యి జంకిందండీ. నేను కాదండీ మేడం గారూ."

ప్రభుదాసు వాడి భుజం మీద చెయ్యి వేశాడు. దుర్గాప్రసాద్ పట్టీ మళ్ళీ మోగింది. ప్రభుదాసు చెయ్యి తియ్యబోయి, తియ్యలేదు.

"నాకు తెల్సులేరా. నీళ్ళు నువ్వు ముందు తాగితే మూతి పెట్టుకు తాగుతావు. నా తర్వాతైతే ఎత్తి పోసుకుంటావు. నీకే తెలీదు."

దుర్గాప్రసాద్ ఏడ్చేశాడు. ముందు బెంచీలో ఇద్దరు ఆడపిల్లలు కూడా కళ్ళు తుడుచుకున్నారు. నిజం చెప్పాలంటే వకుళకు కొంచెం గర్వంగా ఉంది. ఇన్నేళ్ళలో ఒక్క పాఠం పిల్లల ఒంట్లోకి దిగింది, అది తను చెప్పింది.

"వాణ్ణి ఎవరూ ఏమీ అనకండి," అంది. "ఇది దుర్గాప్రసాద్ తప్పు కాదు. వాడికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఇంట్లో చూసి ఒళ్ళు నేర్చుకుంది. నోటితో చెప్పని పాఠాన్ని ఒళ్ళు ఇంకా బాగా నేర్చుకుంటుంది. రాసుకోండి."

పిల్లలు రాసుకున్నారు. కంప్యూటరు ముందు కూర్చున్న తన్మయి కూడా రాసుకుంది.

ఈ సంగతి విని వీర్రాజు గారు పొంగిపోయారు. విద్యాశాఖవాళ్ళకు ఫోను చేశారు. వచ్చే శుక్రవారం వాళ్ళు స్వయంగా వచ్చి ఆ పాఠం చూస్తారు, నచ్చితే అన్ని బడులకూ పట్టీలు పంపిస్తారు. సాయంత్రం స్కూటీ మీద ఇంటికి వెళ్తూ వకుళ అదే చెప్పుకుంటూ పోయింది. నర్సరీల మధ్య రోడ్డు, కొత్తగా తడిపిన మట్టివాసన. వెనక కూర్చున్న తన్మయి ముందుకు వంగింది.

"అమ్మా, శుక్రవారం నాకూ కడతావా?"

"నీది మోగుతోంది కదే."

"మోగనిదేదో చూసి కట్టమ్మా. అందరి చుక్కలూ ఉన్నాయి బోర్డు మీద. నాదొక్కటే లేదు. నన్ను మళ్ళీ పక్కన కూర్చోబెట్టకు."

"నాన్న చేతిలో పనేగా. మంచిది ఏరి ఇస్తారులే," అంది వకుళ.

ఆదివారం ముగ్గురూ రాజమండ్రి వెళ్ళారు. సెలవు రోజు కాబట్టి ప్రయోగశాల ఖాళీగా ఉంది. పొడుగు బల్లల మీద విప్పేసిన పట్టీలు, తీగలు, టీ మరకల కప్పులు. శశిధర్ కొత్త పట్టీ తీసి ముందు తన చేతికి కట్టుకుని, రెండో చెయ్యి ఆనించాడు. చప్పుడు లేదు. వకుళ చేతికి కట్టాడు. చప్పుడు లేదు.

"ఇది బంగారంలా ఉంది. రా అమ్మడూ."

తన్మయి చేతికి కట్టి, రెండో చెయ్యి ఆనించగానే మోగింది. శశిధర్ దూదిని స్పిరిట్‌లో ముంచి ఆ చెయ్యి తుడిచాడు, ఫ్యాను కింద ఆరబెట్టాడు, పట్టీ కొంచెం వదులు చేశాడు, మళ్ళీ బిగించాడు. మోత మోతే. చివరికి కూతురి చెంప మీద చిటికె వేసి నవ్వేశాడు.

"నీది చెమట చెయ్యే తల్లీ. కొందరికి ఇలాగే సున్నా పట్టదు. మేం పరీక్షలు చేసినప్పుడు కూడా తగిలారు అలాంటివాళ్ళు. లెక్కలోకి తీసుకోకుండా పక్కన పెట్టేశాం."

"చాలామంది ఉన్నారా?" అని అడిగింది వకుళ, ఊరికే.

"ఉన్నారు. ఎక్కువగా ఆడపిల్లలే. తర్వాత ఆసుపత్రిలో శవాల గది చూసుకునే ఆయన, డ్రైనేజీ పనివాళ్ళు కొందరు... నీళ్ళల్లో నానే చేతులు కదా. తడికి తప్పుడు రీడింగు వస్తుంది."

వకుళ తల ఊపింది. సోషియాలజీలో ఎమ్మే చేసిన మనిషి, ఆ మనుషుల వరస విని కూడా, అవునవునని తల ఊపింది.

"ఏం బెంగపడకు," అన్నాడు శశిధర్. "ఒక పట్టీలో ప్రోగ్రాం మార్చి తెస్తాను. నీ చెయ్యి ఎలా ఉంటే దాన్నే సున్నా అనుకుంటుంది. ఇక నోరెత్తదు." తన్మయి మొహం విప్పారింది. తిరిగొస్తూ ముగ్గురూ రోజ్ మిల్క్ తాగారు.

గురువారం సాయంత్రం బడిలో రిహార్సలు ముగిసేసరికి ఆలస్యమైంది. వకుళ హడావుడిగా ఇల్లు చేరింది, చేతికి పట్టీ ఉందన్న సంగతి కూడా మర్చిపోయి. వంటింట్లో అత్తగారు కామేశ్వరమ్మ అట్లు పోస్తోంది.

"వచ్చావా! అమ్మడు బడి నించి వచ్చి ఎంతసేపైంది. ఆకలితో కూర్చుంది పాపం. మొదటి రెండూ దానికే. నెయ్యి కాస్త ఎక్కువే వేశాను. వేడి మీద పట్టుకెళ్ళు. పైనుంచి వెయ్యి, ప్లేటుకి తగిలేవు."

తన్మయికి ఆ రోజు రెండోరోజు. ఆ ఇంట్లో మూడు రోజులూ వెనక వసారాలో కూర్చోవాలి. అక్కడొక చాప, అంచు సొట్ట పడ్డ ఒక స్టీలు ప్లేటు, నీలంరంగు ప్లాస్టిక్ మగ్గు విడిగా ఉంటాయి. బడికి వెళ్ళొచ్చు, పుస్తకాలు ముట్టుకోవచ్చు. వంటిల్లు, దేవుడి గది, మంచాలు, మనుషులు కూడదు. తన రోజుల్లో వకుళ కూడా ఆ చాప మీదే కూర్చుంటుంది. దీని గురించి ఆ ఇంట్లో ఎన్నడూ గొడవ రాలేదు. అత్తగారు మంచి మనిషి, మనవరాలంటే ప్రాణం, పెద్దవయసులో ఆవిడ మనసు కష్టపెట్టడం దేనికి? మూడు రోజులే కదా, పిల్లకి పనైనా తప్పుతుంది. వకుళ తనకు తాను ఇలా సర్దిచెప్పుకుని చాలాకాలమైంది. ఇప్పుడు సర్దిచెప్పుకోవాల్సిన అవసరం కూడా లేదు, అలవాటైపోయింది.

అట్లకాడ మీద అట్టు పట్టుకుని వసారాలోకి వెళ్ళింది. నడుము కొంచెం వంచి, మూరెడు ఎత్తునుంచి జారవిడిచింది. అది పక్కకు పోయింది. తన్మయి మాట్లాడుతూనే, చూడకుండానే, ప్లేటు చటుక్కున ఆ పక్కకు జరిపి పట్టుకుంది. ఎప్పుడూ కింద పడనివ్వదు. ఈ విద్య ఎవరు నేర్పారో వకుళకు గుర్తు లేదు.

"నాన్న పట్టీ తెస్తున్నారట. ఫోను చేశారు," అంది వకుళ.

"వద్దులే అమ్మా."

"అదేమిటి? అంత గొడవ చేశావుగా!"

"చేశాను. తర్వాత ఆలోచిస్తే తెలిసింది." తన్మయి అట్టు తుంచి నోట్లో పెట్టుకుంది. "అవేం పాడవలేదమ్మా. మొన్న నాలుగు మార్చాం, నాలుగూ ఎందుకు పాడవుతాయి? ప్రభుదాసు దగ్గరికెళ్తే అందరివీ మోగాయి కదా. అలాగే ఇదీను. దానికి తెలిసిపోతోంది."

"ఏం తెలిసిపోతోంది?"

"నేను మైల కదా."

చాలా మామూలుగా అంది. జ్వరమొచ్చిందని చెప్పినట్టు కూడా కాదు, ఇవాళ గురువారం అని చెప్పినట్టు.

వకుళకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత నవ్వబోయింది. "పిచ్చిదానా! బడిలో మోగిన రోజు నీకు ఇదేం లేదు. తలస్నానం చేసి అప్పటికి చాలా రోజులైంది."

"అదే నేనూ అనుకున్నాను." తన్మయి తన ఎడమచెయ్యి తిప్పి చూసుకుంది, ఎవరిదో వస్తువు చూసినట్టు. "పూర్తిగా పోదేమో అమ్మా. మనకి పోయినట్టు కనిపిస్తుంది గానీ, లోపల ఉంటుందేమో. ప్రభుదాసు రోజూ స్నానం చేసే వస్తాడు కదా, అయినా..."

అట్లకాడ వకుళ చేతిలోంచి జారి గచ్చు మీద పడింది.

ఆమె గుమ్మం పట్టుకుంది. ఈ పిల్ల పన్నెండో ఏట, ఇదే వసారాలో, ఇదే చాప మీద కూర్చుని ఒక ప్రశ్న అడిగింది. "నేను ముట్టుకుంటే తులసిమొక్క నిజంగా చచ్చిపోతుందా అమ్మా?" నర్సరీల ఊళ్ళో పుట్టిన పిల్ల, నడిచిందగ్గర్నుంచీ మొక్కల మధ్య ఆడిన పిల్ల, బెదిరిపోయి అడిగింది. చావదని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? వకుళ ఆ రోజు పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. "మామ్మ చెప్పినట్టు వినవే," అని ఊరుకుంది. పిల్ల వింది. మామ్మ మాటా వింది, అమ్మ ఊరుకోవడమూ వింది. అప్పటినుంచీ ఆ చెయ్యి ఎవరికి ఎంత దూరంలో ఉండాలో, ప్లేటు ఎంత జరపాలో, మగ్గు ఎక్కడ పెట్టాలో నెలనెలా నేర్చుకుంటూ వచ్చింది. అందరికీ దూరంగా ఉంచుకోగా ఉంచుకోగా ఆ చేతికి చివరికి తన ఒళ్ళే దూరమైంది.

నోటితో చెప్పని పాఠాన్ని ఒళ్ళు ఇంకా బాగా నేర్చుకుంటుంది. రాసుకోండి.

సున్నా పట్టని చెయ్యి తన ఇంట్లో తయారైంది. తను మాత్రం పట్టీలు మార్చింది. తుడిపించింది, ఆరబెట్టించింది, మోగకుండా ప్రోగ్రాం మారుస్తానంటే సరేనంది.

"తన్మయీ," అంది. చాప మీద మోకాళ్ళ మీద కూలబడి, కూతురి ఎడమచెయ్యి పట్టుకుంది.

ఆమె మణికట్టు దగ్గర పట్టీ మోగింది.

జుయ్యిమని, గట్టిగా, వసారా అంతా. వకుళకు ఈ పిల్లంటే అసహ్యం లేదు. ప్రాణం ఇమ్మంటే ఇస్తుంది. ఈ క్షణంలో ఆమె మనసులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు, ఒట్టు. కానీ పట్టీ మనసును అడగలేదు. "చెయ్యి జంకిందండీ, నేను కాదండీ" అని ఏడ్చిన దుర్గాప్రసాద్ మొహం ఆమె కళ్ళముందు కదిలింది.

తన్మయి ఏడవలేదు. తల్లి బాధ తీర్చాలన్నట్టు మెల్లగా తన చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

"చూశావా అమ్మా? నీదానికీ తెలిసిపోయింది. వదిలెయ్యి. నన్ను ముట్టుకున్నావు, మళ్ళీ తలస్నానం చెయ్యాలి నువ్వు."

"ఏమిటే ఆ మోత?" కామేశ్వరమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. చాప మీద కోడలిని చూసి మొహం ముడుచుకుంది. "అయ్యో, తాకేశావా! పొయ్యి మీద అట్టు ఉంది, నేను చూసుకుంటాలే. నువ్వెళ్ళి రెండు చెంబులు పోసుకుని రా."

వకుళ లేవలేదు. "అత్తయ్యగారూ, ఇవాళ పోసుకోను."

"అదేమిటి?"

"ఇకమీదటా పోసుకోను. ఈ చాప తీసేద్దామండీ." అత్తగారికి ఎదురు చెప్పడం ఆమెకు ఇదే మొదలు. "మనం దీన్ని కూర్చోబెట్టింది వసారాలో కాదు. దీని ఒంట్లోంచే దీన్ని బయట కూర్చోబెట్టేశాం."

పెద్దావిడకు ఆ మాట అర్థమైందో లేదో. కోపం మాత్రం వచ్చింది. నోరు తెరిచింది, మనవరాలి మొహం చూసింది, ఆగిపోయింది. లోపల అట్టు మాడుతున్న వాసన వస్తున్నా కదల్లేదు.

శశిధర్ అప్పుడే వచ్చాడు, చేతిలో చిన్న డబ్బాతో. "అమ్మడూ, తెచ్చేశా! ఇది చచ్చినా మోగదు," అంటూ వసారాలోకి అడుగుపెట్టి నిలబడిపోయాడు. ఏళ్ళతరబడి ఆ మోత విన్నవాడు. భార్య పట్టుకున్న చేతినీ, ఆమె చేతి మీద వెలుగుతున్న ఎర్రగీతనూ, చాపనూ, సొట్ట ప్లేటునూ ఒక్కొక్కటే చూశాడు. ఈ చాప రోజూ ఈ ఇంట్లోనే ఉంది.

"వకుళా," అన్నాడు. "మేం పక్కన పెట్టేసినవాళ్ళు... ఆ ఆడపిల్లలు, ఆ శవాల గది ఆయన..."

మాట పూర్తి కాలేదు. మెట్టు మీద కూర్చుండిపోయాడు. డబ్బా చేతిలోనే ఉంది.

"అది వద్దండి," అంది వకుళ. "రేపు దీనికి మామూలు పట్టీయే కడతాను. నేనూ కట్టుకుంటాను. విద్యాశాఖవాళ్ళు ముందు మా ఇద్దరి చుక్కలూ చూస్తారు, తర్వాతే పిల్లలవి."

"అమ్మా!" తన్మయి బెదిరిపోయింది. "అందరూ వింటారు. దుర్గాప్రసాద్ వాళ్ళూ... నా గురించి అందరికీ తెలిసిపోతుంది."

"నీ గురించి కాదు తల్లీ. ఇప్పుడు మోగుతున్నది నా చేతికున్న పట్టీ. అది నీ సంగతి చెప్పట్లేదు, నా సంగతి చెబుతోంది. మొన్న నీదాన్లో మోగిందీ నేనే."

తన్మయికి నమ్మకం కుదరలేదు. నమ్మాలని ఉన్నట్టు మాత్రం చూసింది. వకుళ ఆ సొట్ట ప్లేటు దగ్గరికి లాక్కుని, కూతురు సగం తిన్న అట్టులోంచి ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నీలంరంగు మగ్గు ఎత్తి మూతి పెట్టుకుని నీళ్ళు తాగింది. ఒళ్ళు జలదరించింది. దాచుకోవడానికి వీల్లేదు, పట్టీ ఇంకా గట్టిగా మోగింది. గుమ్మంలో అత్తగారు, మెట్టు మీద భర్త, ఎదురుగా కూతురు, ముగ్గురూ విన్నారు.

తన్మయి ఆ ఎర్రగీతనే చూస్తూ కూర్చుంది.

"ఇది ఎప్పుడాగుతుందమ్మా?"

పిల్లలు ఏదడిగినా జవాబు చెప్పడం వకుళ వృత్తి.

"తెలీదమ్మా," అంది. చెయ్యి మాత్రం తియ్యలేదు.